ప్రాంతం మొత్తానికీ ఒకే ఫైర్ సర్వీస్: దానివల్ల మంట దగ్గర ఏం మారుతుంది?

నీలిమేఘం:
ఫైర్ సర్వీసులు ఎలా నడుస్తాయా అని ఈమధ్య చదువుతున్నాను. చాలా దేశాల్లో ఒకప్పుడు ఊరికో బ్రిగేడ్ ఉండేది, ఇప్పుడు ప్రాంతమంతా కలిపి ఒకే సంస్థ కిందికి తెస్తున్నారు. స్కాట్లాండ్‌లో 2013లో ఎనిమిదింటిని కలిపి ఒక్కటి చేశారు. నాకు అర్థం కానిదేంటంటే, పైన ఎవరున్నా బండి రావాల్సింది దగ్గర్లోని స్టేషన్ నుంచే కదా, అలాంటప్పుడు కలిపితే ఏం ఒరుగుతుంది? ఇంకోటి, రోజుల తరబడి ఒక్క కాల్ కూడా రాని స్టేషన్లు ఉంటాయట. వాటిని రాత్రీ పగలూ జీతాలిచ్చి నడపడం దేనికి? తప్పు పట్టడానికి కాదు, తెలుసుకుందామనే అడుగుతున్నా.

పంపు ఆపరేటర్:
రెండోది ముందు చెప్తానండి, ఎందుకంటే బడ్జెట్ మీటింగుల్లో స్టేషన్లకు ఎసరు పెట్టేది ఈ లెక్కే. స్టేషన్ ఎక్కడ ఉండాలో తేల్చాల్సింది కాల్స్ సంఖ్యతో కాదు, బండి చేరడానికి పట్టే టైమ్‌తో. అమెరికాలో ఫుల్‌టైమ్ సిబ్బంది ఉన్న సర్వీసుల కోసం ఎన్‌ఎఫ్‌పీఏ అనే అగ్ని భద్రతా సంస్థ పెట్టిన 1710 అనే ప్రమాణం ఉంది. అగ్నిప్రమాదం కాల్ అందాక 80 సెకన్లలో బండి కదలాలి, మొదటి ఇంజన్ 4 నిమిషాల ప్రయాణంలో చేరాలి. అంత పట్టింపు ఎందుకంటే ఇప్పటి సోఫాలు, పరుపులు చాలావరకు ఫోమే, అది అంటుకుంటే ఐదు నిమిషాలు తిరక్కుండానే గదిలో ఉన్నవన్నీ ఒకేసారి భగ్గుమనవచ్చు, ఆ తర్వాత ఆ గదిలో మనిషి బతికి ఉండటం దాదాపు అసాధ్యం. కాల్స్ తక్కువని స్టేషన్ మూసేస్తే అక్కడివాళ్లు పక్క ఊరి బండి కోసం ఎదురుచూడాలి, మంట మాత్రం ఆగదు.

అన్ని చోట్లా ఫుల్‌టైమ్ వాళ్లే ఉండరు. బ్రిటన్ పల్లెల్లో ఎక్కువగా ఆన్‌కాల్ సిబ్బందే, వేరే ఉద్యోగాలు చేసుకుంటూ పేజర్ మోగగానే స్టేషన్‌కి పరుగెత్తుతారు. అందుకే ఇల్లో పనిచేసే చోటో స్టేషన్‌కి దాదాపు ఐదు నిమిషాల దూరంలో ఉన్నవాళ్లనే తీసుకుంటారు. అక్కడ అసలు కష్టం పగటిపూట. ఉపాధి వేరే ఊళ్లకు పోయేకొద్దీ షెడ్డులో బండి ఉంటుంది, ఎక్కడానికి మనుషులు ఉండరు.

వైర్‌లెస్:
నేను కంట్రోల్ రూమ్ మనిషిని, మీ మొదటి ప్రశ్నకి జవాబు నేను చెప్తాను. ఒక పెద్ద మంటకి నాలుగు స్టేషన్ల బండ్లు వెళ్లిపోయాయి అనుకోండి, ఆ నాలుగు ఊళ్లూ ఖాళీ. అప్పుడు దూరంగా ఉన్న బండ్లను కదిపి ఆ ఖాళీ స్టేషన్లలో నిలబెట్టడం కంట్రోల్ పని. బండ్లన్నీ ఒకే స్క్రీన్ మీద కనిపిస్తే ఇది క్షణాల్లో అయిపోతుంది. ఊరికో కంట్రోల్ ఉండి, వాటి మధ్య ఒప్పందం లేకపోతే, ఒకరి బండి కోసం ఇంకొకరిని ఫోన్లో బతిమాలుకోవాలి. ఎత్తైన నిచ్చెన బండి, రసాయనాల లీకులకు వెళ్లే టీమ్, వరదల్లో దిగే బోట్లు లాంటివి ప్రతి చిన్న ఊరూ కొనలేదు, కొన్నా వాటి మీద ప్రాక్టీస్ ఉండదు.

సామాను ఒకేలా ఉండటం ఇంకా ముఖ్యం. 1904లో బాల్టిమోర్ తగలబడినప్పుడు వాషింగ్టన్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్ నుంచి కూడా ఇంజన్లు వచ్చాయి, కానీ చాలా హోసుల చివరి బిగింపులు (కప్లింగులు) అక్కడి వీధి హైడ్రెంట్లకు, అంటే నీళ్లు అందించే గొట్టాలకు, బిగుసుకోలేదు. 1,500కి పైగా భవనాలు పోయాయి. సాయానికి మనుషులు వచ్చీ, నీళ్లు ఉండీ, రెండిటికీ లంకె కుదరకపోవడం తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

నీలిమేఘం:
మరి అన్ని స్టేషన్ల వాళ్లు ఒకచోట చేరితే ఎవరి మాట చెల్లుతుంది?

పంపు ఆపరేటర్:
మొదట చేరిన బండి ఆఫీసర్‌దే. తర్వాత ఎంత పెద్ద ఆఫీసర్ వచ్చినా పరిస్థితి విని, ఇక నేను తీసుకుంటున్నా అని చెప్పి, ఆ మాట రేడియోలో కంట్రోల్‌కి చేరేదాకా కమాండ్ మారదు. ఒకరి కింద నేరుగా ఐదుగురు, మరీ అయితే ఏడుగురు, అంతకు మించితే మధ్యలో ఇంకో ఆఫీసర్‌ని పెట్టాలి. 1970లో కాలిఫోర్నియా అడవి మంటల్లో ఎవరికి వారు ఆర్డర్లు ఇచ్చుకుని గందరగోళం అయ్యాక ఈ పద్ధతిని అక్కడే ఒక కొలిక్కి తెచ్చారు.

దగ్గర్నుంచి చూడాలంటే బ్రీతింగ్ సెట్ల (పొగలో ఊపిరికి వీపున తగిలించుకునే గాలి సిలిండర్ల) బోర్డు చూడండి. పొగలోకి వెళ్లేముందు ప్రతివాళ్లూ సెట్‌కున్న ట్యాలీ, అంటే పేరున్న బిళ్ల, తీసి బోర్డులో పెడతారు. ఒకాయన బయటే నిలబడి సిలిండర్‌లో ప్రెషర్ ఎంత, ఎన్నింటికి లోపలికి వెళ్లారు, గాలి తగ్గిందని విజిల్ ఎన్నింటికి మోగుతుంది అని లెక్కవేసి రాసుకుంటాడు. టైముకి మనిషి తిరిగి రాకపోతే సిద్ధంగా ఉన్న ఎమర్జెన్సీ టీమ్‌ని పంపిస్తాడు. రెండు ఊళ్ల బోర్డులు రెండు రకాలుగా ఉంటే ఆ లెక్క తప్పుతుంది, అందుకే ట్రైనింగ్ కూడా ఒకటే ఉండాలంటాను.

మూడో బ్యాచ్:
మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను కానీ కలపడమే మందు అనుకోకండి. ఇంగ్లండ్‌లో 46 కంట్రోల్ రూమ్‌లు తీసేసి 9 ప్రాంతీయ కేంద్రాలు పెడదామని 2004లో ఫైర్‌కంట్రోల్ అనే ప్రాజెక్టు మొదలెట్టారు. కంప్యూటర్ సిస్టమ్ కుదరలేదు, స్థానిక సర్వీసులు మొదట్నుంచీ మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదు, చివరికి 2010 డిసెంబర్‌లో రద్దు చేశారు. అక్కడి ఆడిట్ సంస్థ లెక్క ప్రకారం కనీసం 46.9 కోట్ల పౌండ్లు వృథా అయ్యాయి. వాడని భవనాలకు అద్దెలు కట్టారు. పై నుంచి రుద్దితే ఇదే జరుగుతుంది.

విలీనం ప్రతిపాదన వచ్చినప్పుడు మొదటి బండి టైమ్ అందంగానే చూపిస్తారు. మీరు రెండో బండి ఎంతసేపట్లో వస్తుందో అడగండి. మొదటి దాంట్లో నలుగురే ఉంటే ఇద్దరు లోపలికి వెళ్తారు, ఒకరు పంపు దగ్గర, ఒకరు బోర్డు దగ్గర ఉండాలి. పై అంతస్తు కిటికీలోంచి ఎవరైనా చెయ్యి ఊపితే నిచ్చెన వేయడానికి మనిషి ఉండడు.