షార్ప్స్ రెప్లికా: ఏ తూటా వాడాలి, సెట్ ట్రిగ్గర్ ఎంతవరకు తిప్పాలి?

ప్రశ్న: 1874 షార్ప్స్ నమూనాలో ఇటలీలో తయారైన సింగిల్ షాట్ రైఫిల్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను, .45-70 గవర్నమెంట్ తూటాది. మాన్యువల్ రాలేదు. తూటాల పెట్టెలు కొన్ని ఇచ్చారు, వాటిలో రెండింటి మీద ప్లస్ పి అని ఉంది, ఛాంబర్‌లోకి హాయిగా దిగుతున్నాయి. కాల్చొచ్చా? ఇంకోటి, వెనక ట్రిగ్గర్ లాగి సెట్ చేస్తే ముందుది ముట్టుకుంటే చాలు పడిపోతోంది. సెట్ చేయకపోతే మరీ గట్టిగా ఉంది, కాస్త తేలిక చేసుకోవచ్చా?

జవాబు: ఆ ప్లస్ పి పెట్టెలు, అంటే మామూలు కంటే ఎక్కువ పీడనంతో నింపినవి, పక్కన పెట్టేయండి. దిగడం వేరు, తట్టుకోవడం వేరండీ. .45-70 వచ్చింది 1873లో, అమెరికా సైన్యం ట్రాప్‌డోర్ స్ప్రింగ్‌ఫీల్డ్ కోసం. 45 అంటే క్యాలిబర్, 70 అంటే అప్పట్లో పోసిన బ్లాక్ పౌడర్ (పాతకాలపు తుపాకీ మందు) బరువు, గ్రెయిన్లలో. ఆ పాత రైఫిళ్లు ఇంకా జనం చేతుల్లో ఉన్నాయి కాబట్టే సామీ (అమెరికా తుపాకీ, తూటా తయారీదారుల ప్రమాణాల సంస్థ) ప్రమాణంలో గరిష్ఠ పీడనం 28,000 పీఎస్‌ఐ దగ్గర ఆపారు. ఈ తూటాకి ప్లస్ పి అనే సామీ ప్రమాణమే లేదు, అంటే ఆ పెట్టెలో ఎంత పీడనం ఉందో తయారుచేసినవాళ్లు చెప్తేనే తెలియాలి. అవి ఆధునిక గట్టి రైఫిళ్లకి. మీరు మామూలు ఫ్యాక్టరీ తూటా, 405 గ్రెయిన్ల సీసపు బుల్లెట్‌తో మొదలుపెట్టండి, భుజానికీ మంచిది.

బారెల్ కింద, రిసీవర్ మీద ప్రూఫ్ ముద్రలు, అంటే పీడనానికి పరీక్షించినట్టు కొట్టిన గుర్తులు, చూడండి. పీఎస్‌ఎఫ్ అని ఉంటే స్మోక్‌లెస్‌కి (పొగరాని ఆధునిక మందు) పరీక్షించినది, పీఎన్ మాత్రమే ఉంటే బ్లాక్ పౌడర్ తప్ప ఇంకేదీ వద్దు. ఎవరో చేతితో నింపిన తూటాలు ఆ పెట్టెల్లో ఉంటే అవి అసలు కాల్చకండి, ఎంత బాగా కనిపించినా సరే.

ఇంకొకరు: తూటాలు మీరే నింపుకునే ఉద్దేశం ఉంటే ఒక మాట. బ్లాక్ పౌడర్‌కీ బుల్లెట్‌కీ మధ్య ఖాళీ ఉండకూడదు, పౌడర్ కొంచెం నొక్కుకుపోవాలి. 70 గ్రెయిన్ల లెక్క స్మోక్‌లెస్‌కి వాడితే రైఫిల్ పేలిపోతుంది. తూటాలు నింపే మాన్యువల్స్‌లో ఈ తూటాకి రైఫిల్ బలాన్ని బట్టి మూడు పట్టికలు ఉంటాయి, మీరు ట్రాప్‌డోర్ పట్టిక దాటకండి.

ప్రశ్న: ముద్ర పీఎస్‌ఎఫ్ ఉంది. ట్రిగ్గర్ సంగతి?

జవాబు: రెండు ట్రిగ్గర్ల మధ్య చిన్న స్క్రూ ఉంటుంది చూడండి. మామూలుగా లోపలికి బిగిస్తే సెట్ తేలికవుతుంది, బయటికి తీస్తే బరువవుతుంది. మీది ఇప్పటికే మరీ తేలిక కాబట్టి బయటికి, ఒకసారికి పావు తిప్పు మించకుండా. ఛాంబర్ ఖాళీ అని కంటితోనూ వేలితోనూ చూసుకున్నాక, డమ్మీ తూటా పెట్టి పరీక్షించండి. ముందు సెట్ చేయకుండా హ్యామర్ పూర్తిగా ఎత్తి, బట్ అడుగున రబ్బరు సుత్తితో నాలుగువైపులా తట్టండి, హ్యామర్ కదలకూడదు. తర్వాత సెట్ చేసి మెల్లగా తట్టండి. పడిపోతే ఇంకో పావు. చివరికి హ్యామర్ సగం ఎత్తులో ఉంచి ట్రిగ్గర్ గట్టిగా లాగండి, అప్పుడు కూడా పడకూడదు.

సెట్ చేయనప్పటి గట్టిదనాన్ని మాత్రం ముట్టుకోకండి. అది సియర్ (హ్యామర్‌ని ఎత్తులో పట్టి ఉంచే ముక్క), టంబ్లర్ (హ్యామర్‌తో తిరిగే లోపలి ముక్క) కొరుక్కునే చోటి సంగతి, చాలావాటిలో పైపొర మాత్రమే గట్టిపరిచిన ఉక్కు. నున్నగా చేద్దామని రాయి పెట్టి రుద్దితే ఆ పొర పోయి, వంద తూటాల తర్వాత హ్యామర్ తనంతట తాను జారే పరిస్థితి వస్తుంది. అంత అవసరమైతే గన్‌స్మిత్‌కే ఇవ్వండి. లక్ష్యం మీద గురి కుదిరాకే సెట్ చేస్తే, మిగతా సమయంలో ఆ గట్టిదనం మీకు ఇబ్బంది కాదు.

ప్రశ్న: సెట్ చేశాక కాల్చాలనిపించకపోతే?

జవాబు: గొట్టం సురక్షిత దిశలోనే ఉంచి, ట్రిగ్గర్ దగ్గర నుంచి వేలు తీసి, లివర్ దింపి తూటా బయటికి తీయండి, ముందు అది. తర్వాత హ్యామర్‌ని బొటనవేలితో గట్టిగా పట్టుకుని ముందు ట్రిగ్గర్ లాగి మెల్లగా దింపండి. కాల్చిన తర్వాత మాత్రం హ్యామర్ సగం ఎత్తులో పెట్టాకే లివర్ దింపాలి, లేకపోతే ఫైరింగ్ పిన్ మొన ప్రైమర్ గుంటలో చిక్కి విరుగుతుంది. సెట్ చేసి కాలిస్తే హ్యామర్ సగంలోనే ఆగిపోతోందా ఎప్పుడైనా? ఆగితే టంబ్లర్‌లో ఉండే ఫ్లై అనే చిన్న ముక్క అరిగినట్టో, జిడ్డు పట్టినట్టో. కాల్చడం ఆపి విప్పించండి.