పాలిష్ అద్దంలా వచ్చింది, నైటాల్ (స్టీలు లోపలి నిర్మాణం కనపడేలా చేసే యాసిడ్ ద్రావణం) పెట్టగానే గీతలు తేలుతున్నాయి. ఎక్కడ తప్పు?

ఫెర్రైట్_22:
0.2 శాతం కార్బన్ స్టీలు, అనీల్ చేసింది (వేడిచేసి నెమ్మదిగా చల్లార్చింది). బేకలైట్‌లో మౌంట్ చేసి 220, 400, 600, 800, 1200 నంబరు గరుకు పేపర్ల మీద రెండేసి నిమిషాలు రుద్ది, తర్వాత 3 మైక్రాన్, 1 మైక్రాన్ డైమండ్ పేస్ట్‌తో పాలిష్ చేశాను. మైక్రోస్కోప్‌లో గీత ఒక్కటీ లేదు. 2 శాతం నైటాల్‌లో 10 సెకన్లు ముంచగానే గ్రెయిన్ బౌండరీల (లోహపు స్ఫటికాల మధ్య సరిహద్దుల) కన్నా ముందు గీతలే కనిపిస్తున్నాయి. మౌంట్ అంచున గోధుమరంగు మరకలు కూడా. గ్రెయిన్ సైజు కొలవాలి. ఎక్కడినుంచి మళ్ళీ మొదలుపెట్టమంటారు?

మెటల్లో_ల్యాబ్:
ఆ గీతలు నైటాల్ చేసినవి కావండి, ముందునుంచీ ఉన్నవే. పేపరు గీత గీసినప్పుడు దాని అడుగున కొంత లోతు వరకు లోహం నలిగిపోతుంది. పైన గీత పోయినా ఆ నలిగిన పొర మిగులుతుంది. ఫెర్రైట్ (ఈ స్టీల్లో ఎక్కువగా ఉండే, దాదాపు శుద్ధమైన ఇనుము) మెత్తన కాబట్టి పాలిషింగ్‌లో పక్కకి పూసుకుపోయి దాన్ని కప్పేస్తుంది. నలిగిన చోటును యాసిడ్ త్వరగా తింటుంది, అందుకే గీత మళ్ళీ తేలుతుంది.

ముందు గీతల దిక్కు చూడండి. అన్నీ ఒకే వైపు సమాంతరంగా ఉంటే పేపర్ల దగ్గరే లోపం. వంకరగా, తలా ఒక దిక్కుగా ఉంటే పాలిషింగ్ గుడ్డలోకి ముతక రేణువు చేరిందని అర్థం.

పేపర్ల లోపమైతే 400 నుంచి మళ్ళీ చేయండి. పేపరు మారినప్పుడల్లా శాంపిల్‌ని 90 డిగ్రీలు తిప్పాలి. పాత గీతలు పోవడానికి ఎంతసేపు పట్టిందో, అవి పోయాక మళ్ళీ అంతసేపు అదే పేపరు మీద రుద్దాలి. చాలామంది వదిలేసేది ఈ రెండో సగమే. గడియారం చూసి రెండు నిమిషాలు అనుకుంటే కుదరదు. స్టీలు మీద సిలికాన్ కార్బైడ్ పేపరు ఒకటి రెండు నిమిషాల్లోనే మొద్దుబారుతుంది. మొద్దు పేపరు కోయదు, నలుపుతుంది. గట్టిగా నొక్కితే ఇంకా లోతుగా నలుగుతుంది.

ఫెర్రైట్_22:
ఎక్కువ భాగం సమాంతరంగానే ఉన్నాయి. మధ్యలో వంకర గీతలు నాలుగైదు.

మెటల్లో_ల్యాబ్:
అయితే రెండూ ఉన్నాయి. 3 మైక్రాన్ గుడ్డ మార్చండి. 1200 తర్వాత శాంపిల్‌తో పాటు మౌంట్ అంచులు, మీ చేతులు కూడా కడగాలి. అల్ట్రాసోనిక్ బాత్ ఉంటే ఇథనాల్‌లో ఒక నిమిషం ఉంచండి. 3కి, 1కి గుడ్డలు వేరు, మూతపెట్టిన డబ్బాలు వేరు.

నైటాల్_నోట్స్:
మరకల సంగతి. బేకలైట్‌కీ స్టీలుకీ మధ్య సన్నని సందు ఉంటే అందులో దాగిన నైటాల్ ఆరేటప్పుడు బయటికి కారుతుంది. ఎచ్ (నైటాల్‌తో ఉపరితలాన్ని తినిపించడం) అయిన వెంటనే నీళ్ళతో, ఆపైన ఇథనాల్‌తో కడిగి, శాంపిల్‌ని వాలుగా పట్టుకుని వేడిగాలి ఒక పక్కనుంచి ఊదండి.

కొత్త నైటాల్ కలుపుకోండి: 98 మి.లీ. ఇథనాల్‌లో 2 మి.లీ. గాఢ నైట్రిక్ యాసిడ్, కొద్దికొద్దిగా, ఫ్యూమ్ హుడ్‌లో. యాసిడ్‌లో ఆల్కహాల్ పోయకూడదు. బిగుతు మూత సీసాలో దాచకూడదు, లోపల ఒత్తిడి పెరుగుతుంది. అసిటోన్ వ్యర్థాల్లో దీన్ని కలపడం మరీ ప్రమాదం, పేలవచ్చు.

10 సెకన్లు అని లెక్కపెట్టకుండా ఉపరితలాన్ని చూడండి. మెరుపు పోయి లేత బూడిదరంగు రాగానే తీసేయాలి. ఎక్కువైతే పెర్లైట్ (ఫెర్రైట్, ఇనుప కార్బైడ్ పొరలు పొరలుగా ఉన్న భాగం) నల్లటి మచ్చలా ముద్దవుతుంది. అప్పుడు మొదటికి పోనక్కర్లేదు, 1 మైక్రాన్ మీద కాసేపు పాలిష్ చేసి మళ్ళీ ఎచ్ చేయండి. ఇలా రెండుసార్లు చేస్తే మిగిలిన పలుచని నలిగిన పొర కూడా పోతుంది.

ఇంటర్‌సెప్ట్:
గీతలు పోయాకే కొలవండి, సాఫ్ట్‌వేర్ గీతను కూడా బౌండరీగా లెక్కేసి గ్రెయిన్‌ని చిన్నది చేసి చూపిస్తుంది. ఇంకో మాట. ఈ స్టీల్లో పెర్లైట్ సుమారు 25 శాతం ఉంటుంది. గ్రెయిన్లు లెక్కపెట్టడానికి ఫోటో మీద గీసిన రేఖ మొత్తం పొడవును ఫెర్రైట్ గ్రెయిన్ల సంఖ్యతో భాగిస్తే పెర్లైట్ పొడవు కూడా వాటి ఖాతాలో పడి సైజు మూడో వంతు ఎక్కువ వస్తుంది. పొడవును ముందు 0.75తో, అంటే ఫెర్రైట్ భాగంతో, గుణించండి. కనీసం 5 చోట్ల, ఒక్కో చోట 50 గ్రెయిన్లకి తగ్గకుండా లెక్కపెట్టండి. రెట్లు (మాగ్నిఫికేషన్) లెన్స్ మీద అంకెను బట్టి కాక ఫోటోలోని స్కేల్ బార్‌ను బట్టే తీసుకోవాలి, ఫోటో సైజు మార్చితే ఆ అంకెకి అర్థం ఉండదు.