‘రుచుల జాడ’నా, ‘రుచులు జాడ’నా?

బయోకెమ్ మేడమ్: సోమవారం డిగ్రీ పిల్లలకి అమైనో ఆమ్లాల్లో డీ, ఎల్ రూపాలు మొదలుపెట్టాలి. వేమన ‘ఉప్పు కప్పురంబు’తో ఎత్తుకుందామనుకుని రెండో పాదం దగ్గర ఆగిపోయా. నాకు ‘చూడ చూడ రుచుల జాడ వేరు’ అని నోటికొస్తోంది. మా అత్తగారు ‘రుచులు జాడ వేరు’ అంటారు. ఏది సరి?

ఛందోబాబాయ్: గణాలు తేల్చవమ్మా. రుచుల, రుచులు రెండూ మూడు లఘువులే. కానీ ‘జాడ’ని మాత్రం కదపకండి. కొందరు ‘తీరు వేరు’ అని పాడుతుంటారు, చెవులు మూసుకోవాలనిపిస్తుంది. చూకీ జాకీ అచ్చు కలవదు. చూడ, జాడ ప్రాసయతి, అంటే యతికి బదులు రెండో అక్షరం కలపడం. ఆ డకారం లేకపోతే పాదం కూలుతుంది.

పాతపుస్తకం: ‘రుచుల’ షష్ఠి, అర్థం సాఫీగా ఉంది. ‘రుచులు’ అంటే పక్కన జాడ దిక్కులేనిదవుతుంది. అయితే 1829లో బ్రౌన్ దొర అచ్చు వేయించేనాటికే ఈ పద్యాలు నోళ్లలో నలిగి నలిగి ఉన్నాయి. మీ అత్తగారిని కొట్టిపారేయలేం.

టెస్ట్‌ట్యూబు: అసలు పోలికే కుదరదు మేడమ్. ఉప్పూ కప్పురమూ వేర్వేరు పదార్థాలు. డీ, ఎల్ రూపాల్లో అవే పరమాణువులు, అవే బంధాలు. కుడిచేయి, ఎడమచేయిలాగా అమరిక ఒక్కటే తిరగబడుతుంది.

బయోకెమ్ మేడమ్: రుచి మారుతుందిగా సార్! 1886లో ఇటలీలో పియుట్టి అనే రసాయనవేత్త మొలకల్లోంచి ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం తీస్తే రెండు రూపాలూ దొరికాయి. మామూలుగా దొరికే ఎల్ చప్పన, డీ తియ్యన. రుచి పట్టే నాడుల్లోని పదార్థం కూడా కుడి ఎడమలు తెలిసినదై ఉండాలని పాశ్చర్ అప్పుడే ఊహించాడు. నాలుక మీద తీపిని పట్టే గ్రాహకం ప్రోటీనే, ఎల్ అమైనో ఆమ్లాలతో అల్లింది. అందుకే ట్రిప్టోఫాన్‌లో ఎల్ చేదు, డీ మహా తీపి.

పాతపుస్తకం: అయితే మీ పాఠానికి ‘చూడ చూడ’ చాలు. తెలుగులో చూడటం కళ్లతోనే కాదు. ‘పులుసులో ఉప్పు చూడు’ అంటే ఎవరూ గిన్నెలోకి తొంగిచూసి ఊరుకోరు. పోలిక కంటికి, జాడ నాలుకకి. నేను ఎప్పటినుంచో చెబుతున్న మాటే ఇది.

ఛందోబాబాయ్: ఎప్పటినుంచో నేను ఒప్పుకోని మాట కూడా. ‘చూడ చూడ’ అంటే చూడగా చూడగా, అంతే. ‘తినగ తినగ వేము తీయనుండు’ అన్నవాడూ ఆయనే. నాలుక కావాలనుకుంటే తినగ అనే అంటాడు. అసలు ఆ పద్యం ముందు ఇది దిగదుడుపు.

టెస్ట్‌ట్యూబు: వేము సంగతేమో గానీ ఎల్ ల్యూసిన్ ఎంత తిన్నా చేదే బాబాయ్. ఇంకోటి, ఏ కప్పురమో ఎవరూ అడగలేదు. కప్పురంలోనూ కుడి, ఎడమ రూపాలున్నాయి. చెట్టు నుంచి వచ్చేది కుడిది. టర్పెంటైన్ నుంచి ఫ్యాక్టరీలో చేసే దాంట్లో మామూలుగా రెండూ సగం సగం. ఉప్పుకి ఈ గొడవే లేదు.

పాతపుస్తకం: వేమన కాలానికి ఫ్యాక్టరీ కర్పూరమెక్కడిది సార్? రుచి అన్నాడంటే అది పచ్చకర్పూరమే.

కొత్తసభ్యుడు: గ్లైసిన్‌కీ కుడి ఎడమల గొడవ లేదుగా? మిగతా అమైనో ఆమ్లాలకి పక్కగొలుసు ఉండే చోట దీనికి ఒట్టి హైడ్రోజనే. 1820లో ఫ్రెంచి రసాయనవేత్త బ్రాకొనో జెలటిన్‌లోంచి తీసినప్పుడు తియ్యగా ఉందని చక్కెర అనే అనుకున్నాడట. దాన్ని ఏ పద్యంలో పెడతారు?

ఛందోబాబాయ్: కందంలో. ‘గ్లైసిను’ భగణం, ఎత్తుగడ భేషుగ్గా కుదిరింది. గురువుతో మొదలైంది గనక నాలుగు పాదాలూ గురువుతోనే రావాలి, ప్రాస సకారం. ‘వాసన’ మాత్రం వద్దు, వాడి వాడి అరగదీశారు. వేరే మాటలుంటే పడేయండి.