సమస్య: “ఆదివారము లేకయే యలసిపోయె”

నిర్వాహకుడు:

మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య, అంటే మీ పద్యానికి నాలుగో పాదంగా నిలవాల్సినది, తేటగీతి పాదం.

ఆదివారము లేకయే యలసిపోయె

ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో హల్లుకూ అచ్చుకూ మైత్రి కుదరాల్సిన చోటు. మూడో పాదం చివర సంధిని బట్టి “యాదివారము” అనో “నాదివారము” అనో మార్చుకోవచ్చు. విషయం మాత్రం పదవీ విరమణ తరువాతి తొలి ఏడాది.

ఈ విషయమే ఎందుకో చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల విరమణ వయసు 60 నుంచి 62కి పెరిగింది. తెలంగాణలో 2021లో 58 నుంచి 61కి పెరిగింది. దాంతో కొంతకాలం దాదాపు ఆగిపోయిన విరమణలు 2024లో రెండు చోట్లా మళ్ళీ మొదలయ్యాయి. అందులోనూ జూన్ 30 ప్రత్యేకమైన రోజు. బడిలో చేర్చిన నాడు పంతులుగారు జూలై 1 అని వేసిన పుట్టినతేదీ మన తరంలో ఎందరికో ఉంది. ఒకటో తేదీన పుట్టినవారు ముందు నెల ఆఖరి రోజునే దిగిపోవాలి కదా. మన బృందంలోనూ పలువురు కిందటి జూన్ ఆఖరున ఒకేసారి శాలువాలు కప్పించుకున్నారు. వారికి ఏడాది నిండింది. శాలువా మడతపెట్టి బీరువాలో పెట్టాక ఏం జరిగిందో పద్యంలో విందాం.

విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి, ఏలూరు:

అన్ని దినములు నొక్కటే యైన యింట
వారమేదని మనుమని వద్ద నడిగి
గడపపైఁ దాత దినమెల్లఁ గనులు నిలిపి
యాదివారము లేకయే యలసిపోయె

కొలువులో ఉన్నప్పుడు ఆదివారం పత్రిక చదవడానికి మధ్యాహ్నం దాకా పట్టేది. ఇప్పుడు ఏ రోజు పత్రికైనా ఉదయం ఎనిమిది గంటలకల్లా ఆఖరి పేజీ దాటిపోతోంది. ఆ తరువాత గేటు చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చుంటాను. దస్తావేజు పట్టుకుని వచ్చే మనిషి ఎవరూ లేరు.

నిర్వాహకుడు:

పద్యం నడక బాగుంది. “అన్ని దినములు నొక్కటే యైన యింట” అన్న ఎత్తుగడలోనే సమస్య విడిపోయింది. రోజులన్నీ ఒక్కటైపోతే వాటిలో ఆదివారం కూడా కరిగిపోతుంది. ఒక్క చోట ఇబ్బంది: “మనుమని వద్ద నడిగి” యతి కోసం తెచ్చిపెట్టుకున్నట్టుంది. మనుమణ్ణి అడుగుతాం కానీ మనుమని వద్ద అడగం. “వారమేదని మనుమని వంకఁ జూచి” అంటే యతి నిలుస్తుంది, అడగడానికి మొహమాటపడే తాత కూడా కళ్ళకు కడతాడు.

ఏలూరు సభ్యుడు:

మార్పు శిరోధార్యం. అడగడం కంటే చూడడమే నిజం కూడా.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, నెల్లూరు:

బడికి మనుమని, బ్యాంకుకుఁ బరుగు, పాలు,
కూర లంగడి, మందులు, గ్యాసు బండ,
“తీరికే కద నీ” కని త్రిప్పఁ దిరిగి
యాదివారము లేకయే యలసిపోయె

నిర్వాహకుడు:

మూడో పాదం చదివి ఈ బృందంలో సగంమంది తలలూపి ఉంటారు. పిల్లల మీద ఫిర్యాదు లేకుండా, వాళ్ళ నోటి మాటనే అక్కడ పెట్టి ఊరుకోవడం పరిణతి. అయితే రెండో పాదంలో యతి తప్పింది. క, గ ఒకే వర్గం అయినా “కూ”లోని ఊకారానికి “గ్యా”లోని ఆకారంతో మైత్రి లేదు. “కాయగూరలు, మందులు, గ్యాసు బండ” అంటే చాలు. గ్యాసు బండ అన్న మాట పద్యంలోకి ఎలా వస్తుందని అడగబోయే పెద్దలకు ముందే మనవి: నిత్యం ఇంట్లో పలికే మాటకు పద్యంలో చోటు లేకపోతే ఆ పద్యం మన ఇంటిది కాదు.

నెల్లూరు సభ్యుడు:

ధన్యుణ్ణి, సరిచేశాను. బ్యాంకు అన్నాను కనుక నా పాత కొలువు తరఫున రెండు మాటలు. కేంద్ర పింఛనుదారులు తాము జీవించి ఉన్నామని ఏటా నవంబరులో ఇచ్చే జీవన ప్రమాణ పత్రం కోసం ఇంకా వరుసలో నిలబడుతూనే ఉన్నారు. 2014 నుంచి అది డిజిటల్ రూపంలో కూడా ఉంది. ఇప్పుడు ఫోనులో ముఖం చూపి ఇంట్లో కూర్చునే పూర్తి చేయవచ్చు. ఇక మొదటి పింఛను చూసి కంగారు పడి నాకు ఫోను చేసిన మిత్రులున్నారు. పింఛనులో 40 శాతం దాకా కమ్యూటేషను చేసుకుని, అంటే ఆ భాగానికి బదులు పెద్ద మొత్తం ముందే తీసుకుంటే, నెలనెలా వచ్చేది ఆ మేరకు తగ్గుతుంది. మళ్ళీ పూర్తి పింఛను 15 ఏళ్ళ తరువాతే. దీన్ని ఇంట్లో ఇద్దరూ కూర్చుని ముందే లెక్కవేసుకోవాలి. ఆ లెక్క భార్యకు చెప్పని ఇళ్ళను బ్యాంకు బల్ల అవతలి నుంచి చాలా చూశాను.

గృహిణి, కర్నూలు:

పతికి విశ్రాంతి, సతి కేది? ప్రతి దినమ్ము
వంటయింటను నలువది వత్సరములు
వేడివేడిగ వడ్డించి వెలఁది తానె
యాదివారము లేకయే యలసిపోయె

ఆయన కొలువుకు వెళ్ళే రోజుల్లో క్యారియరు కట్టి పంపాక తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం దాకా ఇల్లు నాది. వసారాలో తమలపాకు తీగ పక్కన కూర్చుని ఒక గంట చదువుకునేదాన్ని. ఆయన విరమణతో నా ఆ గంట పోయింది. పదకొండింటికి రెండో కాఫీ, ఒంటిగంటకు పొగలు కక్కే అన్నం, నాలుగింటికి ఏదైనా చిరుతిండి. ఆయన అడగరు, కానీ వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలబడతారు. తొలి నాలుగు నెలలు లోలోపల కుములుకున్నాను. ఒక రోజు కూర్చోబెట్టి చెప్పాను. ఇప్పుడు ఉదయం కాఫీ ఆయనదే, కూరలు తరగడం ఆయనదే. వంకాయలు తరిగి ఉప్పునీళ్ళలో వేయాలని నేర్చుకున్నారు. నా గంట నాకు తిరిగి వచ్చింది.

నిర్వాహకుడు:

అమ్మా, ఈ పద్యానికి విమర్శ రాయాలని రెండుసార్లు కూర్చుని లేచాను. ఛందస్సు నిర్దోషం. “వంటయింటను, వత్సరములు, వేడివేడిగ, వడ్డించి, వెలఁది” అంటూ వకారం పాదం నుంచి పాదానికి సాగిన తీరు, ఎడతెగని వడ్డనలాగే ఉంది. మొదటి పాదంలో ప్రశ్న వేసి, జవాబు చెప్పకుండా పనిలోకి వెళ్ళిపోయారు. ఆ పోకడే పద్యానికి ప్రాణం.

విశ్రాంత స్టేషన్ మాస్టరు, కాజీపేట:

కొలువు దినముల నొకనాఁడు గోడమీఁది
గడియ ముల్లును మఱచుదుఁ గలఁత లేక;
నిమిష నిమిషము నే నేఁడు నిలిచి చూడ
నాదివారము లేకయే యలసిపోయె

మా రైల్వేలో ఆదివారం అంటే రోస్టరులో రెస్టు పడిన రోజు. అది మంగళవారమైనా కావచ్చు. బండి వచ్చిన నిమిషం, బండి పోయిన నిమిషం రిజిస్టరులో రాసి రాసి అలవాటైన చేయి ఇది. ఇప్పుడు పాలవాడు వచ్చిన నిమిషాన్నీ, ఎదురింటివారు తలుపు తీసిన నిమిషాన్నీ మనసు రాసుకుంటూనే ఉంది. రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. దూరంగా బండి కూత వినబడితే అది ఏ బండో, ఎంత ఆలస్యమో లెక్క కట్టిగానీ నిద్రపోను.

విశ్రాంత తెలుగు పండితురాలు, విజయనగరం:

మాస్టారూ, ఊహ కొత్తగా ఉంది. మనిషి కాక గడియారం ముల్లు అలసిపోవడం ఎవరికీ తట్టనిది. కానీ నాలుగో పాదంలో అలసిపోయినది ఎవరో పద్యం చెప్పడం లేదు. కర్త లేదు. ముల్లు అని మనమే ఊహించుకోవాలి. మూడో పాదాన్ని ఇలా మార్చి చూడండి:

నిమిష నిమిషము నేఁ జూడ నేఁటి కదియె
యాదివారము లేకయే యలసిపోయె

“అదియె” అనగానే ముల్లు కర్తగా నిలబడుతుంది.

కాజీపేట సభ్యుడు:

పండితురాలి చేతి దిద్దుబాటు చాలా ఏళ్ళ తరువాత దొరికింది. అలాగే ఉంచుతున్నానమ్మా.

విశ్రాంత వ్యవసాయ విస్తరణాధికారి, తెనాలి:

నాగ లెఱుఁగదు విరమణ నాఁడు నేఁడు
పింఛ నెఱుఁగని రైతన్న వృద్ధుఁ డైన
నేరు వీడక డెబ్బది యేండ్లు నిండి
యాదివారము లేకయే యలసిపోయె

విరమణ తరువాత పల్లెకు తిరిగి వచ్చాను. నేను ఒకప్పుడు విత్తనశుద్ధి గురించి చెప్పిన రైతు ఇంకా పొలంలోనే ఉన్నాడు. నాకంటే పెద్దవాడు. నన్ను చూసి “మీకు సెలవిచ్చేశారటగా” అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నా నిరాశ గురించి రాయడానికి చేయి రాలేదు.

నెల్లూరు సభ్యుడు:

పద్యం కదిలించింది కానీ రెండో పాదంలో విషయదోషం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు. వృద్ధ రైతుకు పింఛను తెలియదంటే ఎలా?

నిర్వాహకుడు:

నెల్లూరు వారి ఆక్షేపణ న్యాయమైనదే. పద్యమైనా నిజానికి కట్టుబడాలి. “విరతి నెఱుఁగని రైతన్న వృద్ధుఁ డైన” అంటే దోషం పోతుంది, యతీ నిలుస్తుంది. అయితే కవి మనసులో ఉన్నది ఉద్యోగి పింఛను. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పింఛను దయాధర్మం కాదని, గతంలో చేసిన సేవకు ప్రతిఫలమని తేల్చింది. ఆ తేదీని పింఛనుదారుల దినంగా జరుపుకుంటున్నాం. ఆ తీర్పు ఫలాన్ని నెలనెలా అందుకుంటున్న మనకు, డెబ్బై ఏళ్ళు నిండినా ఏరు, అంటే నాగలి, వీడనివాడి సేవకు ప్రతిఫలం ఏదని తెనాలి వారి పద్యం అడుగుతోంది. ఆ ప్రశ్నను యతి కోసం గానీ సవరణ కోసం గానీ మెత్తబరచవద్దని నా విన్నపం.

విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు, సిద్దిపేట:

పనియె లేకున్నఁ దెలియునె పండుగైన,
నాఱు దినముల చెమటకే యర్థ మిచ్చు
నాఁటి తీరిక, యది లేని నాదు మనసె
యాదివారము లేకయే యలసిపోయె

మొదటి మూడు నెలలు హాయిగానే ఉంది. దసరా సెలవులు ముగిసి పక్క బడిలో గంట మోగిన రోజు ఉదయం మాత్రం చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడిపోయాను. ఎక్కడికి పోవాలో తెలియలేదు. ఆ సాయంత్రమే పదో తరగతి పిల్లలు నలుగురిని పిలిచి త్రికోణమితి మొదలుపెట్టాను. సోమవారం నుంచి శనివారం దాకా రోజూ ఐదు నుంచి ఆరున్నర. రుసుము లేదు కానీ ఆలస్యంగా వస్తే ఊరుకోను. ఆదివారం చెప్పను. ఆ ఒక్క రోజు మధ్యాహ్నం పడుకుంటే ఇప్పుడు నిద్ర పడుతోంది.

కర్నూలు సభ్యురాలు:

మాస్టారూ, పద్యం చక్కగా ఉంది. కానీ “ఆఱు దినముల చెమట” అన్నారు. మా లెక్కలో ఏడు.

సిద్దిపేట సభ్యుడు:

ఒప్పుకున్నానమ్మా. మీ పద్యం మా ఇంట్లో చదివి వినిపించాను. ఆదివారం వంట నాకు అప్పగించారు. పప్పు, చారు దాకా వచ్చాను.

నిర్వాహకుడు:

ఇక నా నిర్ణయం. సిద్దిపేట వారి పద్యంలో భావం లోతైనది, ధార కూడా బాగుంది. ఎవరికైనా అదే ఉత్తమ పూరణ అనిపించవచ్చు. నా మొగ్గు మాత్రం కర్నూలు అమ్మగారి వైపు. సమస్యలో “లేకయే” అని ఉంది. మిగిలిన పూరణలలో చాలామంది ఉన్న ఆదివారాన్ని పోగొట్టుకుని అలసిపోయారు. ఆమెకు అది మొదటి నుంచీ లేదు. తెనాలి రైతుకూ లేదు. సమస్యలోని మాటను దాని పూర్తి బరువుతో మోసినవి ఆ రెండు పద్యాలే. రెండింటిలోనూ విరమణ పొందినది మరొకరు కావడం నన్ను చాలాసేపు ఆలోచనలో పెట్టింది. వచ్చే జూన్‌లో దిగిపోబోయే సభ్యులు శాలువా కప్పించుకునే ముందే ఇంటి పని పంచుకోవడం గురించి ఇంట్లో ఆమె జరిపిన ఆ సంభాషణ జరుపుకోవాలని కోరుతున్నాను. నాలుగు నెలలు ఆగనవసరం లేదు.

వచ్చే వారానికి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను:

సోమవార మనఁగ సొంపు మీఱె

విషయం మీ ఇష్టం. పూరణలు శనివారం రాత్రిలోగా అందాలి.