ఓడ మీద ఉగాది: హైదరాబాద్ వైపు ఏర్పాట్లు (ఈ రెండు రోజుల్లో తేల్చాలి)

హాలు, కేపీహెచ్‌బీ | శనివారం, మార్చి 7, రాత్రి 8:10

సోమవారం సాయంత్రంలోగా హాలు వాళ్లకి మిగతా డబ్బు కట్టాలి. ఫోన్లో ఒకరికి చెప్పింది ఇంకొకరికి చేరట్లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా. హ్యూస్టన్‌లోని మన పిల్లల కుటుంబాలు ఈసారి ఉగాది క్రూయిజ్ ఓడలో చేసుకుంటున్నాయి, దాన్ని ఇక్కడి పెద్దవాళ్లకి హాల్లో లైవ్ చూపించాలి. వాళ్ల కార్యక్రమం 19 గురువారం రాత్రి 7కి, అంటే మనకి 20 శుక్రవారం తెల్లవారుజామున 5:30కి.

1. హాలు 4:30కి తెరిపించడం: నేను
2. ఎల్‌ఈడీ స్క్రీన్, మైకు: ?
3. దిల్‌సుఖ్‌నగర్, వనస్థలిపురం పెద్దవాళ్లకి బండ్లు: ?
4. ఇడ్లీ, ఉగాది పచ్చడి, కాఫీ: క్యాటరింగ్ అబ్బాయితో మాట్లాడాలి
5. "పరాభవ నామ సంవత్సర ఉగాది శుభాకాంక్షలు" బ్యానర్: ప్రింటింగ్‌కి ఇవ్వాలి
6. ఓడ నుంచి లైవ్: హ్యూస్టన్

2, 3 ఎవరో ఒకరు తీసుకోండి.

పెద్దల సెక్షన్, వనస్థలిపురం | రాత్రి 8:25

3 నాకు రాయి నాయనా. కానీ ఒక్క మాట. మెట్రో ఆరింటికి గానీ మొదలవ్వదు. మావైపు నుంచి తొమ్మిది మంది వస్తామంటున్నారు, అందులో ఇద్దరికి మోకాళ్ల నొప్పులు. మూడున్నరకి క్యాబ్ ఎక్కించి తీసుకురావాలంటే పిల్లలు ఇళ్లలో ఒప్పుకోవట్లేదు. మనవరాలి పాట కోసం ఏదో తంటాలు పడతాం అనుకో.

కల్చరల్, హ్యూస్టన్ | రాత్రి 9:02

అన్నయ్యా, హాలు డబ్బు కట్టకండి, ఒక్క రోజు ఆగండి. ఓడ వాళ్ల దగ్గర్నుంచి ఇప్పుడే మెయిల్ వచ్చింది. గురువారం రాత్రి లాంజ్ మనకే, అందులో మార్పు లేదు. లైవ్ మాత్రం కుదరదన్నారు. ప్రైవేటు గ్రూపులకి విడిగా ఇంటర్నెట్ లైన్ ఇవ్వరట. పెద్ద ప్యాకేజీ కొన్నా అది వీడియోలు చూసుకోవడానికే, ఇక్కడి నుంచి లైవ్ పంపితే ఆగదని హామీ ఇవ్వలేరట. మన రౌటరు గానీ చిన్న డిష్ గానీ సామాన్లో పెట్టుకొస్తే ఎక్కేటప్పుడే తీసేసుకుంటారట. ఆ మాట బోల్డ్ అక్షరాల్లో రాశారు, మన వాళ్లెవరో ముందే అడిగినట్టున్నారు.

ట్రెజరర్ | రాత్రి 9:20

అడిగింది ఎవరో నాకు తెలుసు, వదిలేద్దాం.

లెక్క చెప్తాను. ఓడలో వైఫై ఒక్కో ఫోన్‌కి రోజుకి 20 డాలర్లకి అటూ ఇటూ ఉంది. 30 కుటుంబాలు, ఇంటికి రెండు ఫోన్లు, నాలుగు రోజులు: 4,800 డాలర్లు. మన డబ్బులో నాలుగు లక్షల పైమాటే. సంఘం ఖాతాలో హాలుకీ, భోజనాలకీ పోను మిగిలేది దానికి దరిదాపుల్లో లేదు. "సంఘం భరిస్తుంది" అని పోయిన మీటింగ్‌లో ఎవరన్నారో వాళ్లే ఇప్పుడు చెప్పాలి.

హాలు, కేపీహెచ్‌బీ | రాత్రి 9:31

అంటే నేను అడ్వాన్స్ ఇచ్చి, వాచ్‌మన్‌ని బతిమాలి, తెల్లవారుజాము నాలుగున్నరకి తాళం తీయిస్తానన్న తర్వాత ఇప్పుడు చెప్తారా? జనవరి నుంచి "లైవ్ సంగతి మాకొదిలేయండి" అన్నది మీరే కదమ్మా. మీకక్కడ లాంజ్ ఉంది, డ్రెస్సులున్నాయి, ఫొటోలుంటాయి. ఇక్కడ ఎనభై మంది ముసలాళ్లు నల్ల తెర చూస్తూ కూర్చోవాలా?

కల్చరల్, హ్యూస్టన్ | రాత్రి 9:38

మెయిల్ ఇవాళ వస్తే ఇవాళ చెప్పాను. జనవరిలో వాళ్లు "చూద్దాం" అన్నారు. మా అమ్మా నాన్నా కూడా ఆ ఎనభై మందిలోనే ఉన్నారు, గుర్తుంచుకోండి.

టెక్, గచ్చిబౌలి | రాత్రి 9:50

కాసేపు ఆగండి. ఇందులో ఓడ వాళ్ల మొండితనం కొంతే, మిగతాది ఆకాశంలో ఉన్న ఇబ్బంది.

పాత పద్ధతిలో ఓడ సిగ్నల్ దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉండే శాటిలైట్‌కి వెళ్లి కిందికి రావాలి. అడిగి, జవాబు వచ్చేసరికి అర సెకను దాటిపోతుంది. పాట ఒక చోట, పెదాలు ఒక చోట అయ్యేది అందుకే. 2022 నుంచి పెద్ద ఓడ కంపెనీలు స్టార్‌లింక్ అనే కొత్త శాటిలైట్ ఇంటర్నెట్‌కి మారుతూ వచ్చాయి, వాటిలో రాయల్ కరీబియన్ ఆ ఏడాదే ప్రకటించింది. ఆ శాటిలైట్లు దాదాపు 500 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కాబట్టి వీడియో కాల్ కూడా బాగానే నడుస్తుంది. కానీ ఉన్న లైన్‌ని ఓడలోని వేల మంది పంచుకోవాలి. రాత్రి ఏడింటికి అందరూ డిన్నర్ ఫొటోలు ఎక్కిస్తుంటారు. సరిగ్గా అదే టైముకి మనం లైవ్ పెట్టుకున్నాం.

60 ఫోన్లకి ప్యాకేజీ అసలు ఎందుకు బాబాయ్? ఒక లాగిన్ కొంటే దాన్ని ఒక ఫోన్లో లాగౌట్ చేసి ఇంకో ఫోన్లో వాడుకోవచ్చు, రెండింట్లో ఒకేసారి కుదరదంతే. ఇంటికొకటి చాలు. చాలామందికి అదీ అక్కర్లేదు. కొనేవాళ్లు మాత్రం ఎక్కేలోపే ఆన్‌లైన్‌లో కొనండి, ఎక్కాక రేటు పెరుగుతుంది.

ట్రెజరర్ | రాత్రి 9:58

లాప్‌టాప్‌లో ప్యాకేజీ వేసి దాన్నుంచి హాట్‌స్పాట్ ఇస్తే పది మందికి వస్తుందని మా అబ్బాయి అంటున్నాడు.

టెక్, గచ్చిబౌలి | రాత్రి 10:04

వస్తుంది. వాళ్ల నిబంధనల ప్రకారం అది తప్పు, పట్టుకుంటే లాగిన్ ఆపేస్తారు. సంఘం పేరు మీద ఆ పని వద్దు బాబాయ్.

అన్నిటికంటే పెద్ద ఖర్చు వైఫై కాదు. ఓడకి సొంత సెల్ టవర్ ఉంటుంది. తీరం దాటాక ఫోన్ తనంతట తానే దాన్ని పట్టుకుంటుంది. మామూలు రోమింగ్ ప్యాక్‌లో అది కలవదు, విడిగా బిల్లు పడుతుంది. ఇక్కడి సిమ్‌తో కొందరి అమ్మానాన్నలు ఓడ ఎక్కుతున్నారు కదా, ఆ ఫోన్లే ముందు. ఎక్కగానే ఏరోప్లేన్ మోడ్, తర్వాత కావాలంటే వైఫై ఒక్కటే ఆన్. ఆ మోడ్‌లో ఇండియా బ్యాంకు ఓటీపీలు రావు, కట్టాల్సిన ఈఎంఐలు ఓడ ఎక్కే ముందు ఆదివారమే కట్టేయండి. ఫొటో బ్యాకప్, యాప్ అప్‌డేట్లు ఆపేయండి. పిల్లల కరోకే ట్రాక్‌లు ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి, నడిసముద్రంలో వెతుక్కోవద్దు.

పెద్దల సెక్షన్, వనస్థలిపురం | రాత్రి 10:15

ఇవన్నీ సరే తమ్ముడూ. పిల్లలు కనిపిస్తారా, కనిపించరా?

టెక్, గచ్చిబౌలి | రాత్రి 10:31

ఓడ బుధవారం ఎక్కడుంటుంది వదినా?

కల్చరల్, హ్యూస్టన్ | రాత్రి 10:36

కొజుమెల్. 16 సోమవారం గాల్వెస్టన్ రేవులో బయల్దేరతాం, మంగళవారం సముద్రం, బుధవారం ఉదయం 8కి కొజుమెల్, గురువారం మళ్లీ సముద్రం, శుక్రవారం ఇంటికి.

టెక్, గచ్చిబౌలి | రాత్రి 10:48

అయితే లైవ్ బుధవారం పెట్టుకుందాం. అది మెక్సికో నేల. అమెరికాలో చాలా అన్‌లిమిటెడ్ ప్లాన్లలో మెక్సికో కలిసే ఉంటుంది, పైసా ఎక్కువ కట్టక్కర్లేదు. చవక ప్రీపెయిడ్ వాళ్లు ముందే చూసుకుని, లేకపోతే కొన్ని డాలర్లకి ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్లోకే ఎక్కే సిమ్) వేసుకోండి. దిగాక ఏరోప్లేన్ మోడ్ తీసి, నెట్‌వర్క్ ఆటోమేటిక్‌లో వదలకుండా టెల్‌సెల్ లాంటి అక్కడి కంపెనీని చేత్తో ఎంచుకోండి.

టైము ఇంకా బాగుంది. రేపు ఆదివారం అమెరికాలో గడియారాలు గంట ముందుకి జరుపుతారు, మనకీ గాల్వెస్టన్‌కీ తేడా పదకొండున్నర నుంచి పదిన్నర గంటలకి వస్తుంది. కొజుమెల్‌లో గడియారం మార్చరు, ఏడాదంతా పదిన్నరే. అక్కడ ఉదయం 9 అయితే ఇక్కడ రాత్రి 7:30.

పెద్దల సెక్షన్, వనస్థలిపురం | రాత్రి 10:55

ఏడున్నరకైతే ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి నేరుగా కేపీహెచ్‌బీలో దిగుతాం. పదింటికల్లా ఇంట్లో ఉంటాం.

అయ్యో, ఆగండి. బుధవారం అమావాస్య.

ట్రెజరర్ | రాత్రి 10:57

అమావాస్య నాడు ఉగాదా? నేను ఒప్పుకోను. డబ్బు కలిసొచ్చినా సరే.

హాలు, కేపీహెచ్‌బీ | రాత్రి 11:03

ఐదు లక్షల మాట వచ్చినప్పుడు లేని శాస్త్రం ఇప్పుడొచ్చింది.

ట్రెజరర్ | రాత్రి 11:05

నాలుగు లక్షలు. లెక్క తప్పు రాయొద్దు. శాస్త్రం ఎప్పుడూ ఉంది.

కల్చరల్, హ్యూస్టన్ | రాత్రి 11:09

ఇక్కడ మధ్యాహ్నం కూడా కాలేదు, మీరు పడుకోండి. నేనూ మిగతా వాళ్లతో మాట్లాడతాను.

హాలు, కేపీహెచ్‌బీ | ఆదివారం, మార్చి 8, ఉదయం 11:40

హాలుకి వెళ్లొచ్చాను. 18 బుధవారం సాయంత్రం ఖాళీగానే ఉంది. అమావాస్య కాబట్టి పెళ్లిళ్లు లేవు, నిశ్చితార్థాలు లేవు, ఎవరూ బుక్ చేసుకోలేదు. శుక్రవారం అడ్వాన్స్‌ని బుధవారానికి మార్చేస్తామన్నారు. తెల్లవారుజాము తెరిచినందుకు వేసిన ఎక్స్‌ట్రా ఛార్జీ కూడా పోతుంది. బాబాయ్ గారూ, మీరు ఊఁ అంటేనే.

ట్రెజరర్ | మధ్యాహ్నం 12:15

ఎక్స్‌ట్రా ఎంత పోతుంది?

హాలు, కేపీహెచ్‌బీ | మధ్యాహ్నం 12:16

మొత్తం పోతుంది.

పెద్దల సెక్షన్, వనస్థలిపురం | మధ్యాహ్నం 1:30

నాకొకటి తోస్తోంది. బుధవారం దాన్ని ఉగాది అనొద్దు. పిల్లల పాటలు, పలకరింపులు, అంతే. పచ్చడి లేదు, పంచాంగం లేదు. మనవడిని ఫోన్లో పలకరించడానికి తిథి చూస్తామా? గురువారం పొద్దున మన గుడిలో ఎలాగూ పంచాంగ శ్రవణం ఉంటుంది. దాన్ని రికార్డు చేసి ఓడకి పంపుదాం. వాళ్లు గురువారం లాంజ్‌లో అదే వినిపించి, పచ్చడి పంచుకుంటారు.

టెక్, గచ్చిబౌలి | మధ్యాహ్నం 1:41

పిన్నిగారూ, ఇది భేష్. వాళ్లు మనకి పంపాలంటే బోలెడు లైన్ కావాలి, మనం వాళ్లకి ఆడియో పంపడానికి పెద్దగా ఏమీ అక్కర్లేదు. గురువారం ఉదయం 9కి ఇక్కడ చదివితే ఓడలో ఇంకా బుధవారం రాత్రి 10:30. తెల్లారేసరికి వాళ్ల ఫోన్లో ఉంటుంది. అందుకు ఒక్క ఫోన్‌కి ఒక్క రోజు ప్యాకేజీ చాలు. ఆ ఒక్కరు అందరికీ పోస్ట్‌మ్యాన్. ఇళ్లకి "బాగున్నాం" అని పంపాల్సినవి కూడా ఆ ఫోన్లోంచే.

ట్రెజరర్ | మధ్యాహ్నం 1:55

ఆ ఒక్క ప్యాకేజీ సంఘం ఖాతాలో రాసుకోండి. మిగతాది ఎవరి ఇష్టం వాళ్లది, ఎవరి ఖర్చు వాళ్లది. బుధవారం బ్యానర్ మీద ఉగాది అని ఉండకూడదు.

కల్చరల్, హ్యూస్టన్ | సాయంత్రం 6:45

ఇక్కడ అందరూ ఒప్పుకున్నారు. కూచిపూడి మాత్రం లాంజ్‌లోనే, రేవులో గజ్జెలు కట్టుకుని ఆడలేరు. దాని రికార్డింగ్ గాల్వెస్టన్‌లో దిగాక పంపుతాం. బుధవారం పాటలు, పద్యాలు, తాతయ్యలతో మాటలు. మీ అల్లుడు గారి మిమిక్రీ వద్దన్నా ఉంటుంది.

మన ఓడ ఏ రేవులో ఆగుతుందో కనుక్కుంటున్నాను. పుంటా లంగోస్తా అయితే ఊరి మధ్యే, నీడ దొరుకుతుంది. మిగతా రెండూ ఊరికి దక్షిణంగా కాస్త దూరం, అప్పుడు రేవు దగ్గరే ఏదో ఒక మూల చూసుకోవాలి. స్పీకరు, స్టాండు ఏమీ తీసుకురాము, ఇంటికొక ఫోన్.

టెక్, గచ్చిబౌలి | సాయంత్రం 7:02

జూమ్ ఉచితంగా 40 నిమిషాలకే ఆగిపోతుంది. గూగుల్ మీట్ గ్రూపుకి గంట ఇస్తుంది, అదే పెడతాను. అందరూ ఒకేసారి కెమెరా ఆన్ చేస్తే గందరగోళం, ఇంటి వరస ప్రకారం నేను పేరు పిలుస్తాను. ఇంటికి రెండు నిమిషాలు. హాల్లో నా ఫోన్ 5జీ హాట్‌స్పాట్, లాప్‌టాప్, ప్రొజెక్టర్. ఎల్‌ఈడీ స్క్రీన్ ఇంకా ఎవరూ బుక్ చేయలేదుగా?

హాలు, కేపీహెచ్‌బీ | సాయంత్రం 7:10

లేదు. ఇడ్లీ కూడా వద్దు, రాత్రి కాబట్టి పులిహోర, పెరుగన్నం చెప్పేశా. వదినా, మీ నాన్నగారికి ముందు వరసలో కుర్చీ వేయిస్తున్నా, ఆయనకి చెవి సరిగ్గా వినపడదు కదా.

కల్చరల్, హ్యూస్టన్ | సాయంత్రం 7:14

కుడి వైపు వేయించండి అన్నయ్యా. ఎడమ చెవే బాగా వినపడుతుంది.

పెద్దల సెక్షన్, వనస్థలిపురం | రాత్రి 8:20

గుడికి వెళ్లి పంతులు గారితో మాట్లాడాను. సంతోషంగా ఒప్పుకున్నారు. రాశి ఫలాలు పన్నెండూ చదవాలా, ఓడలో ఉన్నవాళ్ల రాశులు మాత్రమే చాలా అని అడుగుతున్నారు. ఫైలు పెద్దదైపోతుందేమోనని ఆయన భయం.

టెక్, గచ్చిబౌలి | రాత్రి 8:26

పన్నెండూ చదవమనండి. ఒక్కో రాశికి ఒక్కో వాయిస్ నోట్ చేస్తే మధ్యలో సిగ్నల్ పోయినా ఆ ఒక్కటే మళ్లీ పంపొచ్చు. ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు మాత్రం టైప్ చేసి పంపుదాం. మిగతావి వినకపోయినా అవి అందరూ అడుగుతారు.

ట్రెజరర్ | రాత్రి 8:31

ఆదాయ వ్యయాలు నేను టైప్ చేస్తాను.