కదిలేటప్పుడు వణికే స్కూటర్: చీమకుర్తి దుమ్ములో తిరిగే బండికి ఇంటి దగ్గర ఏం చేసుకోవచ్చు?

కర్నూల్‌రోడ్డు లెక్కలాయన

అన్నలూ, నాది ఒంగోలు. చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. రోజూ పొద్దున ఎనిమిదింటికి బయల్దేరి సంతనూతలపాడు మీదుగా పోయి, రాత్రి ఏడింటికి తిరిగొస్తాను. బండి 2017 మోడల్ 110 సీసీ స్కూటర్, కార్బురేటర్‌ది. రీడింగ్ 41,000 దాటింది.

బాధలు మూడు. ఆగి ఉన్న బండిని కదిలిస్తే గరగరమని వణుకుతుంది. ముల్లు పదిహేను దాటగానే ఏమీ ఎరగనట్టు మామూలైపోతుంది. పికప్ చచ్చిపోయింది. రాళ్ల లారీ వెనక పడ్డానంటే దాన్ని దాటలేక దాని దుమ్మంతా తాగుతూ పోవాల్సిందే. మూడోది గుంతలు. బెత్తెడు గుంతలో పడినా దెబ్బ నేరుగా నడుముకే. మొన్న సీటు కింద పెట్టిన క్యారియర్ మూత ఊడి పప్పుచారు డిక్కీ నిండా పారింది. రెండు రోజులు బండి ఇంగువ వాసన.

మెకానిక్ కవర్ కూడా విప్పకుండానే "క్లచ్, వేరియేటర్, బెల్ట్, వెనక షాక్ అబ్జార్బర్, మొత్తం ఏడు వేలు" అన్నాడు. నాకు కోపమొచ్చి సాకెట్ సెట్ కొనుక్కొచ్చేశాను. గ్యాస్ షాక్ ఒకటి, 90/100-10 తీసేసి లావుగా ఉండే 100/90-10 టైర్లు వేయిద్దామని ఉంది. వీడియోలు చూస్తుంటే అన్నీ తేలిగ్గానే కనిపిస్తున్నాయి. నిజంగా నేను చేసుకోగలిగింది ఎంత?

హైవే రాజా

ఏం టెన్షన్ పడకు బ్రో. ఎడమ పక్క కవర్ తీసి క్లచ్ మీద కాస్త స్ప్రే ఆయిల్ కొట్టు, వణుకు పోద్ది. ఎయిర్ ఫిల్టర్‌ని పంక్చర్ షాపులో గాలి కొట్టించు. సింగరాయకొండలో మావాళ్లంతా ఇదే చేస్తారు. షాక్ మాత్రం మార్చేయ్, లుక్ అదిరిపోద్ది.

గ్యారేజీ బాబాయ్, కందుకూరు

అబ్బయా, పైన రాజా చెప్పిన మొదటి రెండు పనులూ చేయొద్దు. రాజా, నువ్వూ ఏమనుకోవద్దు. ఆర్టీసీ గ్యారేజీలో ముప్పై ఏళ్లు బస్సుల కింద పడుకున్న నోరు, కాస్త కటువుగా వస్తుంది.

ముందు వణుకు సంగతి. పదిహేను దాటితే పోతోందన్నావే, జబ్బు ఎక్కడుందో అక్కడే చెప్పేశావు. స్కూటర్ క్లచ్‌కి లివర్ ఉండదు. ఇంజిన్ స్పీడు పెరిగే కొద్దీ లోపలి షూలు విసురుకి బయటికి జరిగి, చుట్టూ ఉన్న బెల్ అనే గిన్నెను పట్టుకుంటాయి. ఆ పట్టుకునే చోట పొడి చేరినా, షూ పైభాగం గాజులా నున్నబడినా పట్టి వదిలి, పట్టి వదిలి గరగరమంటుంది. పట్టు పూర్తిగా బిగిశాక వణకడానికేమీ ఉండదు. అది రాపిడి మీద నడిచే సామాను. దాని మీద నూనె కొడితే వణుకు పోయినట్టే ఉంటుంది, ఎందుకంటే అసలు పట్టే పోతుంది. ఆ నూనె బెల్ట్‌కి అంటితే బెల్ట్ కూడా జారుతుంది.

కవర్ నువ్వే తీయవచ్చు. 8 నంబర్ సాకెట్ చాలు. అయితే బోల్టులన్నీ ఒక పొడవు ఉండవు. ఒక అట్టముక్క మీద కవర్ ఆకారం గీసి, తీసిన బోల్టును తీసిన చోటే అట్టలో గుచ్చుకుంటూ పో. పొడవు బోల్టు పొట్టి దాని చోట పెట్టి బిగిస్తే కేసింగ్ పగులుతుంది. లోపల నల్లపొడి ఉంటుంది, అది బెల్ట్ అరుగుదల. దాంట్లో బూడిదరంగు పొడి కలిసి ఉంటే అది మీ చీమకుర్తి రాయి. ఆ పెట్టె చల్లబడటానికి బయటి గాలి లాక్కుంటుంది మరి, గాలితో పాటు దుమ్మూ వస్తుంది. మూతికి గుడ్డ కట్టుకో. నోటితో ఊదొద్దు, బ్రష్షుతో తుడువు.

బెల్ బయటి నట్టు తీస్తే గిన్నె ఒక్కటే ఊడొస్తుంది. గిన్నెను కదలకుండా పట్టే హోల్డర్ లేకపోతే ఆ నట్టు ఒక్కటీ మెకానిక్ దగ్గరే వదులు చేయించి, బిగించేటప్పుడూ అతని చేతే బిగించు. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి సుత్తితో బాదొద్దు. గిన్నె లోపలి వైపు, షూల మీద గరుకు కాగితంతో నున్నటి మెరుపు పోయేదాకా రుద్దు, పొడి గుడ్డతో తుడిచేయ్. షూ మీద మెటీరియల్ అరిగి పల్చబడి ఉంటే రుద్దీ లాభం లేదు, మార్చాల్సిందే. ఆ లోపల ఇంకో పెద్ద నట్టు కనిపిస్తుంది, దాని జోలికి మాత్రం పోవద్దు. వెనకాల స్ప్రింగ్ నొక్కిపెట్టి ఉంటుంది. వదులైందంటే ఎగిరి మొహాన కొడుతుంది.

ఇంజిన్ తిప్పుడును వెనక చక్రం వైపు చేర్చే బెల్ట్ ఎప్పుడు మార్చావో రాయలేదు. మా ఇంట్లో 110 బండి మాన్యువల్‌లో 24,000 కిలోమీటర్లకు మార్చమని ఉంది. నీ 41,000లో ఒక్కసారీ మార్చకపోతే పగుళ్లు ఉన్నాయా లేదా అని చూడటం కూడా దండగ, కొత్తది వేయించు. తెగితే బండి ఉన్నచోటే ఆగిపోతుంది, నీ రోడ్డు మీద వెనక వచ్చేది టిప్పర్. బెల్ట్ వేసేటప్పుడే వేరియేటర్, అంటే ఇంజిన్ స్పీడును బట్టి గేరు తనంతట తానే మార్చే కప్పీ, దాని లోపలి రోలర్లు చేతిలోకి తీసుకుని చూడు. గుండ్రంగా దొర్లాలి. ఒక పక్క చదునుగా అరిగి ఉంటే పికప్ అక్కడా పోతుంది.

ఇక ఫిల్టర్. నీ బండిది నూనె తడి ఉండే కాగితం ఫిల్టర్ అయితే దాన్ని ఊదకూడదు, కడగకూడదు, మార్చడమే. ఆ తడే దుమ్మును పట్టేది. పంక్చర్ షాపు గాలి కొడితే పైకి తెల్లగా కనిపిస్తుంది గానీ, దుమ్ము ఇంకా లోపలికి దిగుతుంది, కాగితమూ చిరగొచ్చు. ఆ తర్వాత రాతిపొడి పోయేది సిలిండర్‌లోకే. మామూలు రోడ్ల లెక్క నీకు పనికిరాదు. పుస్తకంలో రాసిన దూరంలో సగానికే మార్చు.

ఫిల్టర్ మూసుకుపోయిందో లేదో స్పార్క్ ప్లగ్ చెబుతుంది. ఇంజిన్ చల్లారాక విప్పి చూడు. కొన ఇటుక రంగులో ఉంటే బాగున్నట్టు. కాటుకలా నల్లగా, పొడిగా ఉంటే గాలి చాలక పెట్రోలు ఎక్కువ తాగుతోందన్నమాట. తిరిగి పెట్టేటప్పుడు మొదటి నాలుగు చుట్లు వేళ్లతోనే తిప్పు. స్పానర్ పెట్టి బలవంతంగా ఎక్కిస్తే అల్యూమినియం మరలు చెడతాయి, అప్పుడు నీ ఏడు వేలూ చాలవు.

నడుముకి దెబ్బ సంగతి చివర్లో చెబుతున్నా గానీ నిజానికి ముందు చేయాల్సింది అదే. షాక్ కొనకముందు ఒక గాలి గేజి కొను. పొద్దున బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడు. ఇలాంటి 10 అంగుళాల బండ్లకు ముందు 22 పీఎస్‌ఐ, వెనక ఒక్కరికైతే 29, ఇద్దరికైతే 36 ఉండాలి. నీ బండి స్టిక్కర్ మీద ఏముందో అదే పాటించు. బంకుల దగ్గర చాలామంది ముందూ వెనకా ఒకే లెక్కన కొట్టేస్తారు. ఆ టైరు రాయితో సమానం, దానికి ఏ షాక్ వేసినా లాభమేముంది? లావు టైరు కూడా అంతే. 90/100 అంటే 90 వెడల్పు, దాంట్లో నూటికి నూరు పాళ్లు ఎత్తు. 100/90 అంటే 100 వెడల్పు, దాంట్లో తొంభై పాళ్లు ఎత్తు. లెక్కలు రాసేవాడివి కదా, వేసి చూసుకో. రెండింటి ఎత్తూ 90 మిల్లీమీటర్లే.

ఇంకోటి, ఆయిల్. డబ్బా మీద జేఏఎస్‌ఓ అని ఒక జపాన్ గ్రేడు రాసి ఉంటుంది, బైకులది ఎంఏ, స్కూటర్లది ఎంబీ. స్కూటర్ క్లచ్ ఆయిల్‌లో మునగదు కాబట్టి దానికి ఎంబీ సరిపోతుంది. బైకు క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, ఎంబీ తీసుకెళ్లి దాంట్లో పోస్తే మాత్రం క్లచ్ జారొచ్చు. వెనక గేరుపెట్టెకు వేరే ఆయిల్ ఉంటుందని చాలామందికి తెలియనే తెలియదు. మా బండికి 120 మిల్లీలీటర్లు, అంటే టీ గ్లాసుడు. 41,000లో నువ్వు ఒక్కసారైనా మార్చించావా?

పెన్నా గట్టు, నెల్లూరు

బాబాయ్, 2022లో కందుకూరు మా జిల్లాలో కలిసింది, మర్చిపోకండి.

నాది మైపాడు వైపు రొయ్యల గుంటల దగ్గర పని. మీకు దుమ్ము, మాకు ఉప్పుగాలి. వెనక బ్రేక్ నొక్కితే లివర్ వెనక్కి రావడం మానేసింది. కేబుల్ మార్చాను, అయినా అంతే. తీరా చూస్తే డ్రమ్ము మీద క్యామ్ ఇరుసు, అంటే బ్రేక్ షూలను విడదీసే చిన్న ఇరుసు, తుప్పుపట్టి ఇరుక్కుంది. విప్పి, తుడిచి, ఇరుసుకి పల్చగా గ్రీజు రాస్తే సరిపోయింది. గ్రీజు బ్రేక్ షూకి అంటకుండా చూసుకోవాలి, అంతే. ఒంగోలు అన్నా, మీరూ చూడండి. బ్రేక్ కొంచెం పట్టేసి ఉన్నా పికప్ పోయినట్టే ఉంటుంది. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిన్ ఆపి, వెనక చక్రం చేత్తో తిప్పితే తెలుస్తుంది.

గ్యారేజీ బాబాయ్, కందుకూరు

పెన్నా, మంచి మాట. చక్రం తిప్పి చూడమని నేనే చెప్పాల్సింది. జిల్లా సంగతంటావా, 1970లో ప్రకాశం పుట్టకముందు మేం నెల్లూరోళ్లమే. 2022లో మళ్లీ మీకే తగులుకున్నాం.

కర్నూల్‌రోడ్డు లెక్కలాయన

ఆదివారం కూర్చున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

గేజి పెడితే ముందు 38, వెనక 40. నాకే నవ్వొచ్చింది. 22కీ, 29కీ దించి కర్నూలు రోడ్డు ఎక్కితే సగం నొప్పి అక్కడే పోయింది. షాక్ ఆలోచన మానేశాను. ముందు చక్రం దగ్గర మాత్రం గుంతలో పడ్డప్పుడు టక్ మంటోంది.

కవర్ తీశాను. అట్టముక్క ఆలోచన నన్ను కాపాడింది, రెండు బోల్టులు నిజంగానే పొడవు. లోపల పొడి నల్లగా లేదు, మా ఫ్యాక్టరీ కటింగ్ షెడ్డు నేల రంగులో ఉంది. చిన్న డబ్బాడు వచ్చింది. బెల్ నట్టు వీధి చివర కుర్రాడి చేత వదులు చేయించాను, యాభై తీసుకున్నాడు. షూలు సగం పైనే ఉన్నాయి గానీ అద్దంలా మెరుస్తున్నాయి. రుద్దాను. వణుకు ముప్పాతిక వంతు తగ్గింది. పొద్దున మొదటిసారి కదిలేటప్పుడు మాత్రం కాస్త ఉంది.

ఫిల్టర్ తీసి కాగితం మీద తట్టి చూపించాను, మా ఆవిడ "ముగ్గు వేసుకోవచ్చు" అంది. కొత్తది వేశాను. బెల్ట్ ఎప్పుడూ మార్చలేదు బాబాయ్, ఒప్పుకుంటున్నా. రేపు బెల్ట్, రోలర్లు, గేర్ ఆయిల్. అన్నీ కలిపి రెండు వేల లోపు తేలేలా ఉంది.

ఆ టక్ మనే చప్పుడు ఏంది?

గ్యారేజీ బాబాయ్, కందుకూరు

మీ బండికి ముందు పొడవు ఫోర్కు కాకుండా చక్రం పక్కన చిన్న చేయి లాంటిది ఉంటే, దాని కీలులో ఉండే బుష్షులు (గొట్టంలాంటి చిన్న ముక్కలు) అరిగుంటాయి. సెంటర్ స్టాండ్ వేసి, వెనక ఒకరిని కూర్చోబెట్టి ముందు చక్రం గాల్లో ఉంచు. రెండు చేతులతో చక్రం పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపు. వదులుగా ఊగితే బుష్షులే. వాటిని నువ్వు మార్చకు, బుష్షులు నొక్కి దించే ప్రెస్ మిషన్ ఉన్న మెకానిక్ దగ్గరికి పో. పోయేటప్పుడు ఆ గేజి జేబులో పెట్టుకుని పో, పని అయిపోయాక వాడు మళ్లీ 40 కొట్టి పంపిస్తాడు.