ప్రిన్సిపల్ అయ్యాక క్లాసులు చూసే తీరికే లేదు, మీరెలా కుదుర్చుకుంటున్నారు?

పదిహేనేళ్లు లెక్కలు చెప్పి, ఈ ఏడాదే ప్రిన్సిపల్‌నయ్యాను. ఒకప్పుడు ప్రిన్సిపల్ అంటే బడిలో పెద్ద మాస్టారే, తానూ పాఠం చెప్పేవాడు. ఇప్పుడేమో పాఠాలు ఎలా సాగుతున్నాయో చూసి, టీచర్లకు తోడుగా ఉండటమే అసలు పని అంటున్నారు. మంచిదే, తీరికేదీ? నిన్న ఏడో తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని నోట్‌బుక్ తెరిచానో లేదో, ప్యూన్ వచ్చి "బస్సు విషయమై పేరెంట్ వచ్చారు సార్" అన్నాడు. తిరిగొచ్చేసరికి బెల్ కొట్టేశారు. పైగా నేను తప్పులు వెతకడానికే వస్తున్నానని కొందరు టీచర్లు బిగుసుకుపోతున్నారు (నేనూ ఒకప్పుడు అంతే). ఇన్‌స్పెక్షన్‌లా అనిపించకుండా క్లాసు చూడటం ఎలా? చూశాక అదే రోజు మాట్లాడాలా, ఒకరోజు ఆగాలా? ఆఫీసు పనుల్లో మీరు ఏవి ఎవరికి అప్పగించారు? అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.